నాలుక అతుక్కోని డబ్బా

ఆగస్టు 1

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. పెన్ను మూత తీశాను, మళ్ళీ పెట్టాను, పెరట్లోకి వెళ్ళి కోడిని తోలి వచ్చాను. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు డిపోలో బ్రేకుల సెక్షనులో చేసినవాడికి రాత అంటే జాబ్ కార్డు మీద రెండు ముక్కలు: "లైనింగు మార్చడమైనది. బండి పంపవచ్చును." అంతకు మించి ఎప్పుడూ రాయలేదు. కానీ ఒక లెక్క తలలో పడి తిరుగుతోంది. కాగితం మీద పెడితే అక్కడైనా కాసేపు కూర్చుంటుందేమో.

ఈ డైరీ 2019 నాటిది, ఇప్పుడు 2022. పిల్లల పరీక్షలకే కాగితం లేదని వాయిదా వేసిన దేశంలో కొత్త డైరీ అడగడం బాగుండదు. తేదీలు సరిపోతాయి, వారాలు సరిపోవు. వారాల పేర్లు కొట్టేశాను.

లెక్క ఇది. మా ఆవిడ బిసో మెణికెకి మంగళవారం, శుక్రవారం క్యాండీ పెద్దాసుపత్రిలో మిషను మీద రక్తం శుద్ధి చేయించాలి. పోను యాభై నాలుగు కిలోమీటర్లు, రాను యాభై నాలుగు. వారానికి రెండొందల పదహారు. ఫోనులో నల్లచుక్కల గడి, ఆ క్యూఆర్ కోడు, చూపిస్తే కారుకి వారానికి ఇరవై లీటర్లు పోస్తారు. ఇరవై అంటే ఇరవై. బంకువాడి కాళ్ళు పట్టుకున్నా ఇరవయ్యే. మా మోరిస్ మైనరు లీటరుకి పదమూడు ఇచ్చే బండి. అంటే పదహారున్నర లీటర్లతో వారం గడిచిపోవాలి. ఇప్పుడు పది ఇస్తోంది. పదితో వేస్తే ఇరవై ఒకటిన్నర.

ఆ ఒకటిన్నర లీటరు ఎక్కడినుంచి తేను?

బస్సు ఉందిగా అంటారు. ఉంది, రోజుకొకటి, డీజిలు దొరికిన రోజున. మిషను మీంచి దిగిన మనిషి దాని ఫుట్‌బోర్డు మీద నిలబడి రావాలి. సీసా పెట్రోలు ఉందిగా అంటారు. ఒకసారి కొన్నాను. సగం కిరోసిన్. కిరోసిన్ కూడా దొరకని రోజుల్లో వాడికి అది ఎక్కడ దొరికిందో అడుగుదామని వెళితే మనిషే లేడు.

మాకు పిల్లలు లేరు. 1958 మోడలు బండి ఒకటి ఉంది. ఎస్టేటు దొర వెళ్ళిపోతూ నాకు అమ్మేసినది. దాని పని అంతా నేనే నేర్చుకున్నాను, ఎవరి దగ్గరా కాదు, విప్పి విప్పి.

ఆగస్టు 2

వెళ్ళొచ్చాం. పెట్రోలు ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది, టాంకులో వెదురుబద్ద దించి గీతలు చూస్తాను. లీటరుకి పది. పది కూడా కాదు, పదికి కాస్త లోపల.

పాత నిలవ నాలుగు లీటర్లు ఉంది కాబట్టి ఈ రెండు వారాలూ గట్టెక్కుతాం.

ఆగస్టు 3

ఇవాళంతా బండి కిందే.

నాలుగు చక్రాలూ జాకీ మీద లేపి తిప్పాను. బొంగరంలా తిరిగాయి, బ్రేకులు ఎక్కడా పట్టడం లేదు. ప్లగ్గులు తీశాను, గోధుమరంగు, శుభ్రం. కార్బురేటరులో నూనె ఉంది, పిస్టను జారుతోంది. పాయింట్ల ఎడం చూశాను. టైమింగు బల్బు పెట్టి చూశాను, గీత మీద గీత. మరి దొంగ ఎవడు?

మెణికె గడపలో కూర్చుని చూస్తోంది. "నిన్న ఎత్తు ఎక్కేటప్పుడు బాగానే లాగింది కదా. చదును మీదే మూలిగింది" అంది.

నలభై ఏళ్ళు పక్క సీటులో కూర్చున్న మనిషి చెవి అది. నిజమే. కాలు గట్టిగా తొక్కితే లాగుతోంది. మెల్లగా, పొదుపుగా తోలితేనే తాగుతోంది. పొదుపు చేసినకొద్దీ ఖర్చు! అలాంటి జబ్బు ఈ బండిలో ఒక్కదానికే ఉంది.

డిస్ట్రిబ్యూటరు పక్కన కుంకుమభరిణె అంత డబ్బా ఒకటి ఉంటుంది. లోపల పలచని రబ్బరు పొర. కార్బురేటరు నుంచి సన్న గొట్టం దానికి వస్తుంది. కాలు తేలిగ్గా ఉన్నప్పుడు ఇంజను ఆ గొట్టంలోంచి గాలి పీలుస్తుంది, పొర వెనక్కి పోతుంది, పొరకి కట్టిన పుల్ల పలకని తిప్పుతుంది, నిప్పురవ్వ ఒక క్షణం ముందుగా పడుతుంది. ఆ క్షణంలోనే ఉంది లీటరుకి మూడు కిలోమీటర్లు. పొర చిరిగితే ఇంజను గాలినే పీలుస్తుంది, రవ్వ ఆలస్యంగా పడుతుంది, పెట్రోలు సగం కాలి పొగై పోతుంది.

దీనికి మిషన్లు అక్కర్లేదు. గొట్టం చివర నోట్లో పెట్టుకుని పీల్చి, నాలుక అడ్డం పెట్టాలి. పొర మంచిదైతే నాలుక అతుక్కుని అలాగే నిలుస్తుంది. చిరిగితే జారిపోతుంది. నా నాలుక జారిపోయింది. మూడుసార్లు చూశాను. మూడుసార్లూ జారింది.

దొంగ దొరికాడు.

నోటితో చేసే పనుల్లో నన్ను మించినవాడు డిపోలో ఉండేవాడు కాదు. బస్సు బ్రేకు డ్రమ్ము విప్పితే లోపల ఆస్బెస్టాసు లైనింగు అరిగి రాలిన గుప్పెడు బూడిదరంగు పొడి ఉండేది. కంప్రెసరు గొట్టం వారానికి నాలుగు రోజులు పనిచేసేది కాదు. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్క ఊదు ఊదితే డ్రమ్ము అద్దంలా తేలాలి. రెండో ఊదు ఊదినవాడు అందరికీ టీ పోయించాలి. నేను ఎవరికీ టీ పోయించలేదు. సాయంత్రానికి మీసం నెరిసిపోయేది. మెణికె గుమ్మంలోనే ఆపి తలగుడ్డతో దులిపేది. ఇప్పుడు దులపక్కర్లేకుండానే నెరిసింది.

ఈ వానాకాలం దగ్గు మాత్రం వదలడం లేదు.

ఆగస్టు 4

కొలంబో పంచికావత్త అంగళ్ళలో నలీం హాజియారుకి ఫోను చేశాను. పాత బండ్ల సామాను కావాలంటే ఆయనే. నన్ను బండన్న అని పిలుస్తాడు. కావలసిన వస్తువు చెప్పగానే ముందు ఏడుస్తాడు, తర్వాత బల్ల కింద నుంచి తీస్తాడు.

"బండన్నా, ఓడలు రావడం లేదు. మోరిస్ డబ్బా అంటే ఇప్పుడు మా నాన్నగారి సమాధిలో వెతకాలి."

"వెతుకు మరి. మెణికె సంగతి నీకు తెలుసుగా."

బల్ల కింద ఇనప సామాను కదిలిన చప్పుడు వినిపించింది. "వదినగారి కోసమైతే ఒకటి ఉంది. పాతదే, పొర మంచిది. నేనే పీల్చి చూసి పంపుతా. మాతలె బస్సు కండక్టరు చేతికిస్తాను. బస్సు నడిచిన రోజున నీ అదృష్టం."

ఆగస్టు 5

రాయకూడని పని చేశాను. రాస్తున్నాను.

వచ్చేటప్పుడు అర లీటరైనా మిగులుతుందని, దిగుడు వచ్చినచోటల్లా గేరు తీసేసి ఇంజను ఆపేసి బండిని వదిలేశాను. రెండు దిగుళ్ళు బాగానే వెళ్ళాం. మెణికె కళ్ళు మూసుకుని ఉంది, మిషను రోజున అంతే. మూడో దిగుడు పొడుగుది. సగంలో బ్రేకు పెడలు మెత్తబడింది. వేడెక్కిన డ్రమ్ము వాసన నాకు తెలియనిదా? తొక్కాను. పెడలు వెళ్ళింది, బండి ఆగలేదు. ఎదురుగా మలుపు, మలుపు అవతల తేయాకు తోట, తోట కింద లోయ.

చేతి బ్రేకు లాగి, గేరు ఎలా వేశానో తెలియదు, రెండోది పడింది, ఇంజను కేక పెట్టింది. గట్టు రాసుకుంటూ ఆగాం.

మెణికె కళ్ళు తెరవకుండానే "ఏం, దిగుదామా?" అంది.

"ఊరికే ఆపాను. టీ తాగుదామని."

"నాకు రోజుకి మూడు కప్పుల నీళ్ళే. పొద్దున్నే అయిపోయాయి. మీరు తాగండి." తర్వాత అంది, "ముప్పై ఒక్క ఏళ్ళు ఊరివాళ్ళ బస్సుల బ్రేకులు చూసి, పెళ్ళాం ఒక్కదానికి ఇలా చేస్తారా."

ఇంకెప్పుడూ అలా దింపను.

ఆ దిగుళ్ళ వల్ల మిగిలింది పావు లీటరు.

ఆగస్టు 8

డబ్బా వచ్చింది. పాత చీర పేలికలో చుట్టి, పైన కాగితం మీద హాజియారు చేతిరాత: పీల్చి చూశాను, పట్టింది.

నేను పీల్చాను. పట్టలేదు.

తుడిచి మళ్ళీ పీల్చాను. నూనె చుక్క వేసి పీల్చాను. లోపల పుల్ల కాస్త కదులుతుంది, నాలుక పెట్టగానే జారిపోతుంది. వాడి నాలుక కొలంబో నాలుక, అబద్ధాలకి అలవాటు పడింది. పట్టని డబ్బాని బిగించి చూడడం దేనికి, ఉన్న మరలు కూడా చెడగొట్టుకోవడానికా? పేలికలోనే చుట్టి, సాయంత్రం బస్సులో వెనక్కి పంపేశాను. కాగితం వెనకాల రాశాను: పట్టలేదు. వేరేది పంపు. మనుషులకి పంపుతున్నావు, బండ్లకి కాదు.

తర్వాత దగ్గు వచ్చి కాసేపు మెట్టు మీద కూర్చున్నాను. పొయ్యి పొగ. గ్యాసు లేదు కదా, అందరూ పొగలోనే.

ఆగస్టు 9

వెళ్ళొచ్చాం. పది.

ఆగస్టు 11

నికిణి పౌర్ణమి. గుడికి వెళ్ళలేదు, పెట్రోలు. నడిచి వెళ్ళొచ్చు, అరమైలే. వెళ్ళలేదు.

హాజియారు ఫోను. గొంతు వేరేగా ఉంది. "నేను అబద్ధం చెప్పానంటావా బండన్నా? నలభై ఏళ్ళలో నీకు చెడ్డ సామాను ఇచ్చానా? రెండోది పంపుతా. ఇదీ పట్టలేదంటే నీకు నేను ఇక సామాను అమ్మను."

"పట్టేది పంపితే ఎందుకంటాను" అన్నాను.

ఆగస్టు 12

క్యాండీలో పెరహెర, బుద్ధుడి దంతగుడి ఏనుగుల పండుగ, పగటి ఊరేగింపు. దారులు మూసేశారు, చుట్టు తిరిగి వెళ్ళాం, మూడు కిలోమీటర్లు ఎక్కువ. ఏనుగు వెళ్ళేదాకా బండి ఆపి కూర్చున్నాం. మెణికె చేతులు జోడించింది. నేను ఏనుగు ఎంత మెల్లగా నడుస్తుందో చూస్తూ, ఎప్పుడు తప్పుకుంటుందా అనుకుంటూ కూర్చున్నాను. ఇలాంటి ఆలోచన పాపం. వచ్చే వారానికి నిలవ ఏమీ లేదు.

ఆగస్టు 14

పక్కింటి సుమనపాల పెరహెర నుంచి వచ్చాడు. గుళ్ళో డోళ్ళ పక్కన సన్నాయిలాంటి హోరణె ఊదేది వాడే. ఊళ్ళో అందరూ గురునాన్సే, అంటే గురువుగారూ, అని పిలుస్తారు. ముక్కుతో పీలుస్తూ నోటితో వదులుతూ పావుగంట స్వరం తెగకుండా ఊదుతాడు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే కళ్ళతో జవాబిస్తాడు. యాభై ఏళ్ళవాడు, పెళ్ళి చేసుకోలేదు, హోరణెకీ స్కూటరుకీ తప్ప ఎవరికీ భయపడడు.

"ఏంటన్నా, డబ్బాని పెళ్ళికూతుర్ని చూసినట్టు చూస్తున్నావు?"

పాత డబ్బా అంచు విప్పి చూస్తున్నాను అప్పటికి. పొర నిజంగానే చిరిగి ఉంది, గోటి చంద్రుడంత. అందులో కొత్త పొర వేద్దామని ఆసుపత్రిలో నర్సమ్మని అడిగి ఒక రబ్బరు చేతొడుగు తెచ్చాను. అరచేతి భాగం గుండ్రంగా కత్తిరించి, వేసి, అంచు మళ్ళీ సుత్తితో కొట్టాను. పీల్చాను. పట్టలేదు. నా పనే నాకు పట్టలేదు!

సుమనపాల చూసి, "ఇలా ఇవ్వు, నేనొకసారి పీల్చనా" అన్నాడు.

"ఇది హోరణె కాదు గురునాన్సే. ఇది చేతి పని తెలిసినవాళ్ళు చెయ్యాలి."

నవ్వి వెళ్ళిపోయాడు. ఎలాగూ విప్పాను కదా అని ఆ చేతొడుగు డబ్బానే బిగించేశాను.

ఆగస్టు 16

ఆశ్చర్యం. పన్నెండున్నర!

రెండుసార్లు వెదురుబద్ద దించి చూశాను. పట్టని డబ్బాతో పన్నెండున్నర ఎలా ఇస్తుంది? గాలి వెనక నుంచి వీచింది. పెట్రోలు ఈసారి మంచిది పోసి ఉంటాడు. ఇంకేముంటుంది.

మెణికె పాట పాడింది దారిలో. రెండు చరణాలు.

ఆగస్టు 17

నిన్న ఆసుపత్రిలో దొరకని మందుల కోసం మాతలె, ఆ పైన ఇంకో రెండు ఊళ్ళూ తిరిగి వచ్చేసరికి బండి మూలుగుతోంది. డబ్బా విప్పితే చేతొడుగు పొర పెట్రోలు ఆవిరికి అప్పడంలా ఉబ్బి, పట్టుకుంటే చేతికి జిగురై వచ్చింది. తెలియాలి నాకు. తెలుసు కూడా.

బద్ద చివర తడి నాలుగు గీతలు. నాలుగు లీటర్లు. మళ్ళీ ఇరవై పోసేది సోమవారమే.

ఆగస్టు 18

రెండో డబ్బా వచ్చింది. కొత్తది. మూతకి ఇంకా మైనపు కాగితం. ఇలాంటిది హాజియారు ఎన్నేళ్ళనుంచి దాచాడో.

మెణికెని పిలిచి ముందు కూర్చోబెట్టుకున్నాను. పీల్చాను.

జారిపోయింది.

మళ్ళీ. మళ్ళీ. నాలుగోసారి కళ్ళముందు నల్లటి మచ్చలు తేలాయి, గోడ పట్టుకున్నాను. మెణికె "చాలు, ఆపండి" అంది. "వాడు చెడ్డదే పంపాడు" అన్నాను. "కొత్తది కదా" అంది. "కొత్తవే ఇప్పుడు మోసం, ఎక్కడ చేస్తున్నారో ఏమో" అన్నాను. ఆమె నా ముఖం చూసి, లేచి లోపలికి వెళ్ళింది. ఏదో అనబోయింది మాత్రం తెలుసు.

రేపు శుక్రవారం. నాలుగు లీటర్లు నలభై కిలోమీటర్లు. ఆసుపత్రి యాభై నాలుగు. బస్సు కోసం అడిగాను, డీజిలు లేదు, రేపు లేదు. త్రీవీలరు రణసింహ దగ్గరికి వెళ్ళాను. వాడికి వారానికి ఐదు లీటర్లు, అవీ అయిపోయాయి. వాడు నా చేతులు పట్టుకుని ఏడ్చినంత పని చేశాడు. వాణ్ణి ఓదార్చి వచ్చాను.

ఆగస్టు 19

వెళ్ళలేదు.

ఆగస్టు 20

తెల్లవారుతుండగా మెణికె పిలిచింది. పడుకోలేక గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ముఖం ఉబ్బింది, కాలి మీద వేలు పెడితే గుంట అలాగే ఉండిపోయింది. "ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంది" అంది. నిన్న ఎదురింటివాళ్ళు తెచ్చిన పనసకూర వాసన చూసింది తప్ప నోట్లో పెట్టలేదు. పనస తినకూడదు. దేశమంతా పనస తిని బతుకుతున్న ఏడాది ఆమె పనస తినకూడదు.

ఆసుపత్రికి ఫోను చేస్తే నర్సమ్మ "ఇప్పుడే తీసుకురండి, ఏదో ఒక మిషను చూస్తాం" అంది.

రెండు రోజులుగా గుడి పని మీద ఊళ్ళో లేని సుమనపాల నా కేక విని వచ్చాడు. "నా స్కూటరులో మూడు లీటర్లుంది, పీల్చుకో అన్నా" అని స్కూటరు మెట్టు పక్కకి తెచ్చాడు. సన్న గొట్టం తెచ్చి ఒక కొస టాంకులో పెట్టి, రెండో కొస నోట్లో పెట్టుకుని పీల్చాను. పెట్రోలు గొట్టంలో జానెడు ఎక్కింది, దిగిపోయింది. మళ్ళీ పీల్చాను. జానెడు. ఎన్ని బస్సుల్లోంచి డీజిలు పీల్చాను ఈ నోటితో! మూడోసారి మోకాళ్ళ మీద కూర్చుండిపోయాను.

"గొట్టానికి చిల్లు ఉంది" అన్నాను.

సుమనపాల నా చేతిలోంచి గొట్టం తీసుకున్నాడు. ఒక్క పీల్పు. పెట్రోలు పరిగెత్తి వాడి నోటి దాకా వచ్చింది. ఉమ్మేసి, కొస సీసాలో పెట్టి, మూతి తుడుచుకుంటూ ఆకాశం చూశాడు. చిల్లు ఎక్కడా లేదు. అదే గొట్టం.

వాడు వెనక సీటులో మెణికెని పట్టుకుని కూర్చున్నాడు. నేను తోలాను. అప్పుడేమీ ఆలోచించలేదు. దారి తప్ప ఏమీ చూడలేదు. తొమ్మిదింటికి చేరాం. ఆమెని తోసుకుని వెళ్ళిపోయారు.

బయట బల్ల మీద కూర్చున్నాం. నా చొక్కా జేబులో డబ్బా ఉంది. హాజియారుకి తిరిగి పంపుదామని పెట్టుకున్నది. చాలాసేపు జేబులోనే పట్టుకుని కూర్చున్నాను. అడగకుండా ఉంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తోంది.

"గురునాన్సే, దీన్ని పీల్చి నాలుక పెట్టు."

"చేతి పని తెలిసినవాళ్ళు చెయ్యాలన్నావు కదా."

"పెట్టమంటున్నా కదా!"

పీల్చాడు. లోపల పుల్ల టిక్కుమంది. నాలుక పెట్టాడు. చేయి వదిలేశాడు. డబ్బా వాడి నాలుకకి వేలాడుతోంది.

"అన్నా, ఇహి హత్తింహి" అన్నాడు, నాలుక రాక. అవతల బల్ల మీద కూర్చున్న చిన్నపిల్ల నవ్వింది. వాడు ఆ పిల్లకి తల ఊపి చూపించాడు, డబ్బా ఊగింది. ఎంతకీ ఊడలేదు. చివరికి వాడే చేత్తో లాగి ఊడదీశాడు, సీసా మూత తీసిన శబ్దం వచ్చింది.

వాడు నవ్వుతూ నా వైపు తిరిగాడు. నవ్వు ఆపేశాడు.

ఆగస్టు 21

డబ్బా మంచిదే.

మొదటిది కూడా మంచిదే అయి ఉంటుంది. ఎనిమిదో తేదీన నా చేతికి వచ్చింది. బిగించడం గంట పని. ఎనిమిది నుంచి ఇరవై దాకా పన్నెండు రోజులు. చేతొడుగు కూడా మంచిదే.

డబ్బా మంచిదే.

ఆగస్టు 22

మెణికెని రేపటి దాకా ఉంచుతామన్నారు. ఇవాళ క్యాండీలోనే ఇరవై లీటర్లు పోయించుకుని, ఆసుపత్రి వెనక చెట్టు కింద డబ్బా బిగించాను. మూత తీసి, గొట్టం నట్టు విప్పి, పుల్లని పలక కొనకి తగిలించి, సర్దే మర తిప్పాలి. మర కొసన వడ్లగింజంత బిగింపు చుట్ట ఉంటుంది. అది ఎగిరి గడ్డిలో పడింది. వంగి వెతకబోతే సుమనపాల "నువ్వు కూర్చో" అని తనే మోకాళ్ళ మీద పడి అరగంట దువ్వాడు. దొరికింది. ఇంజను స్టార్టు చేసి కాలు తేలిగ్గా తొక్కాను. మూలుగు లేదు.

నేను ఎంత బాగా చేశానో చెప్పుకుందామంటే మెణికె పక్కన లేదు. చెప్పుకునేది కూడా ఏమీ లేదు.

ఆగస్టు 23

ఇంటికి వచ్చాం. యాభై నాలుగు కిలోమీటర్లు, బద్ద మీద నాలుగు గీతలు, కాస్త పైన. పదమూడు.

ఆగస్టు 24

హాజియారుకి ఫోను చేసి తప్పు నాదే అన్నాను. ఎలాగ అని అడిగాడు. నాలుక సరిగా పెట్టలేదన్నాను.

"నలభై ఏళ్ళ తర్వాత నాలుక పెట్టడం మర్చిపోయావా?" అని నవ్వాడు. "పోనీలే. ఆ మొదటిది కురుణేగల ఊరి మనిషి ఒకడు తీసుకెళ్ళాడు. వాడి బండి గుర్రంలా పోతోందట. వదినగారెలా ఉన్నారు?"

"బాగుంది."

"నువ్వో?"

"బాగున్నా."

ఫోను పెట్టేసరికి మెణికె పొయ్యి దగ్గర ఉంది. "పొయ్యి ఊదడం ఎప్పుడు మానేశారో గుర్తుందా?" అంది. "చైత్రం ముందు. అప్పటినుంచీ ఊదుగొట్టం నా చేతికే ఇస్తున్నారు. నేను జబ్బుమనిషిని కదా, ఊదితే మంచిదని అనుకుంటున్నారేమో అని ఊరుకున్నాను."

"చూపించుకుంటే ఉంచేసుకుంటారు మెణికే. పది రోజులో, నెలో. మంగళవారం నిన్ను ఎవరు తీసుకెళ్తారు?"

"చూపించుకోకపోతే?" అంది. "అప్పుడు ఏ మంగళవారం?"

పొయ్యి ఊదింది. అంటుకుంది. ఆమె ఊపిరి ఇప్పుడు నాకంటే బాగుంది. దానికి సంతోషించాలి. సంతోషిస్తున్నాను.

ఆగస్టు 26

వెళ్ళొచ్చాం. సుమనపాలకి మూడు లీటర్లు తిరిగి ఇచ్చాక కూడా ఈ వారం ఆరు లీటర్లు మిగిలింది. మిషను నడుస్తున్నంతసేపూ ఛాతీ డాక్టరు గది ముందు అటూ ఇటూ నడిచాను. చీటీ తీసుకోలేదు.

ఆగస్టు 27

సుమనపాలని అడిగాను, నేను లేని మంగళవారం బండి తోలతావా అని.

"నాకా? కారా? అన్నా, నాకు స్కూటరే రెండు కాళ్ళూ నేల మీద ఆనిస్తేనే నడుస్తుంది."

"నేర్పుతా."

"హోరణె నేర్చుకోవడానికి మా నాన్న చేతిలో ఏడేళ్ళు తన్నులు తిన్నాను."

"నీకు ఏడేళ్ళు ఇవ్వలేను గురునాన్సే. వారం."

వాడు లేచి వెళ్ళి బండి చుట్టూ ఒకసారి తిరిగి, అద్దంలో మొహం చూసుకుని వచ్చాడు.

"రేపు పొద్దున్నే రానా?" అన్నాడు.

ఆగస్టు 28

పొద్దున్నే స్నానం చేసి తెల్ల లుంగీ కట్టుకుని వచ్చాడు, పెరహెరకి వచ్చినట్టు. దిగువ ఉన్న లైసెన్సు ఆఫీసులో ఏం చెయ్యాలో తర్వాత చూసుకోవచ్చు. ఆరు లీటర్లలో ఒక లీటరు దీనికి కేటాయించాను. వాకిట్లోనే, రోడ్డు ఎక్కకుండా.

నేను పక్క సీటులో కూర్చున్నాను. ఆ సీటులో ఇంతవరకూ ఎప్పుడూ కూర్చోలేదు. అక్కడినుంచి చూస్తే బానెట్టు వేరేగా ఉంది. మెణికె గుమ్మంలో కుర్చీ వేసుకుంది.

"క్లచ్చి అంటే ఎడమ కాలుదేనా?" అన్నాడు.

"ఎడమదే. మెల్లగా వదులు. ఊపిరి వదిలినట్టు."

"ఏ ఊపిరి? నాకు రెండు రకాలున్నాయి."

"తక్కువది."

మొదటిసారి బండి గెంతి ఆగిపోయింది. రెండోసారీ ఆగిపోయింది. "పర్లేదు తమ్ముడూ, ఆయన కూడా పెళ్ళయిన కొత్తలో గోడని గుద్దాడు" అంది మెణికె. మూడోసారి కదిలింది. మొదటి గేరులో వాకిలి చివర పనసచెట్టు దాకా వెళ్ళి, చెట్టుకి మూరెడు ఎడంలో ఆగింది. సుమనపాల ఇంజను ఆపి, దిగి, వంగి బండి కింద చూశాడు.

"ఏంటి?" అన్నాను.

"కోడి ఉందేమోనని."

కోడి లేదు. మళ్ళీ ఎక్కి తలుపు వేశాడు.